మేత ముట్టని బాల్ పైథాన్: ఎన్‌క్లోజర్ సరిచేసిన ఒక కేసు

పేషెంట్ ఏడు నెలల మగ బాల్ పైథాన్. మొదటిసారి పాము పెంచుతున్న ఒక కాలేజీ అమ్మాయి, వాళ్ల నాన్నగారు కలిసి తీసుకొచ్చారు. వాళ్ల బాధ ఒక్కటే. పాము ఇంటికి వచ్చి ఆరు వారాలైంది, ఇంతవరకూ ఒక్క మేత కూడా తినలేదు. బ్రీడర్ దగ్గర ఉన్నప్పుడు వారానికోసారి తప్పకుండా తినేదని రాసిన రికార్డు కాగితం కూడా తెచ్చారు. అమ్మిన రోజు బరువు 262 గ్రాములు. మా తూకంలో 241 వచ్చింది. అంటే ఎనిమిది శాతం తగ్గింది.

"పాము కదా డాక్టర్ గారూ, నెలల తరబడి తినకపోయినా ఏం కాదంటారు?" అని నాన్నగారు అడిగారు. బాగా ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. జతకట్టే కాలంలో మగవి నెలల తరబడి మేత మానేస్తాయి, బరువు మాత్రం పెద్దగా తగ్గదు. కానీ ఇది ఎదిగే వయసు. ఈ వయసులో బరువు తగ్గడం పది శాతానికి దగ్గరపడుతుంటే చూస్తూ కూర్చోకూడదు.

పాము పెంపకంలో పుట్టినదే, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. ఈ రెండూ నేను ముందే అడుగుతాను. బాల్ పైథాన్ సైటీస్, అంటే వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం, రెండో అనుబంధంలో ఉన్న జాతి. పైగా అడవి నుంచి పట్టి తెచ్చిన పాము పరాన్నజీవులతో, భయంతో వస్తుంది. కొత్తగా పెంచేవాళ్లు దాన్ని అసలు తీసుకోకూడదు.

పరీక్షలో నోరు శుభ్రంగా ఉంది, జిగురు లేదు. ఊపిరిలో ఈల శబ్దం వినిపించలేదు. గడ్డం కింద, కళ్ల చుట్టూ మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) కోసం వెతికాను, లేవు. మలద్వారం నుంచి తీసిన నమూనాలో పరాన్నజీవుల గుడ్లు కనిపించలేదు. రెండే తేడాలు దొరికాయి. తోక చివర పాత కుబుసం ఉంగరాల్లా బిగుసుకుని ఉంది. ఎడమ కంటి మీద పాత పొర మిగిలిపోయింది. పాములకు కనురెప్పలు ఉండవు. కంటిని ఒక పారదర్శకమైన పొలుసు కప్పి ఉంచుతుంది, కుబుసంతో పాటే అదీ ఊడి రావాలి. ఊడలేదంటే గాలిలో తేమ చాలడం లేదని మొదటి అనుమానం.

అమ్మాయి మందు అడిగింది. ఆకలి పెంచే టానిక్, విటమిన్ చుక్కలు అప్పటికే కొని పెట్టుకుంది. ఏదీ వాడొద్దని చెప్పి, ఎన్‌క్లోజర్, అంటే పామును ఉంచే పెట్టె, చూశాకే మాట్లాడతానన్నాను. పాముకు ఒంట్లో వేడి పుట్టదు. అరుగుదల, రోగనిరోధక శక్తి, ఆకలి అన్నీ చుట్టూ ఉన్న వేడి మీద ఆధారపడి నడుస్తాయి. అలాంటి జంతువుకు వైద్యం చేసేటప్పుడు అది ఉండే చోటును కూడా పరీక్షించాల్సిందే.

ఎన్‌క్లోజర్‌లో ఏం కనిపించింది

90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న గాజు ట్యాంకు. పైన ఇనుప మెష్ మూత. కుడివైపు గాజు అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచటి పట్టా), అదే వైపు మెష్ మీద ఎర్ర బల్బు. ఎడమవైపు రెండు చివరలా తెరుచుకుని ఉన్న సగం దుంగ ఒకటి, దాని పక్కన చిన్న నీళ్ల గిన్నె. అడుగున ఆస్పెన్ చెక్క పొట్టు. గోడ పైభాగంలో అంటించిన రెండు గుండ్రటి ముల్లు మీటర్లు. ఒకటి 30 డిగ్రీలు చూపిస్తోంది, రెండోది 60 శాతం తేమ.

ఆ మీటర్లను నమ్మితే ఏ లోపమూ లేదు. అమ్మాయి రోజూ వాటినే చూసి నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆమె శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు. కానీ పాము బతికేది నేల మీద. గోడ పైభాగంలో ఎంత వేడి ఉందో దానికి అక్కర్లేదు.

తీగ చివర సెన్సార్ (ప్రోబ్) ఉండే డిజిటల్ థర్మామీటరుతో, ఇన్ఫ్రారెడ్ గన్‌తో పాము పొట్ట తగిలే ప్రతిచోటా కొలిచాను. బల్బు కింద పొట్టు పైన 37 డిగ్రీలు. అదే చోట పొట్టు తవ్వి గాజు మీద ప్రోబ్ పెడితే 44. ఆ మ్యాట్‌కు వేడిని పెట్టిన అంకె దగ్గర ఆపే థర్మోస్టాట్ లేదు, నేరుగా ప్లగ్గులో పెట్టి వదిలేశారు. దుంగ లోపల 24. నేల దగ్గర తేమ 38 శాతం.

ఇన్ఫ్రారెడ్ గన్ గురించి ఒక మాట చెప్పాలి. అది ఉపరితలం వేడిని మాత్రమే కొలుస్తుంది. గాజు బయట నిలబడి లోపలికి గురిపెడితే గాజు ఎంత వేడిగా ఉందో చెబుతుంది, లోపలి సంగతి చెప్పదు. మూత తీసి కొలవాలి. ఈ ఇంట్లోనూ నాన్నగారు గన్ కొన్నారు, గాజు అవతలి నుంచే కొలుస్తున్నారు.

"పాము రోజంతా ఎక్కడ ఉంటుందమ్మా?" అని అడిగాను. ఎప్పుడూ ఆ దుంగలోనే, బయటికే రాదని చెప్పింది. బద్ధకమనుకుంది, చలివైపే ఇష్టమేమో అని కూడా అనుకుంది. ఈ కేసుకు మూలం ఆ జవాబులోనే ఉంది.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాల పాము. పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో ముడుచుకుని గడుపుతుంది. అక్కడ చీకటి, తేమ, వెచ్చదనం, నాలుగు వైపులా ఒంటికి తగిలే గోడలు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. ఈ ట్యాంకులో అవి విడిపోయాయి. దాక్కునే చోటు చల్లగా ఉంది, వెచ్చటి చోటు బట్టబయలుగా ఉంది. దాక్కోవాలా, వెచ్చబడాలా అన్న పరిస్థితి వస్తే ఈ జాతి పాము దాక్కోవడానికే మొగ్గుతుంది. ఆరు వారాలుగా ఇది అదే చేస్తోంది. 24 డిగ్రీల దగ్గర ముడుచుకుని ఉన్న పాముకు మేత అరిగించుకునే వేడి లేదు. ఆ స్థితిలో తిన్నా కక్కేసే ప్రమాదం ఉంది. తినకపోవడమే దానికి మేలైంది.

ఆ దుంగ కూడా నిజానికి దాక్కునే చోటు అనిపించుకోదు. రెండు చివరలా తెరుచుకుని, పాము ఒళ్లు ఎటూ తగలనంత వెడల్పుగా ఉంది. ట్యాంకు నాలుగు వైపులా గాజే. ఎదురుగా టీవీ, పక్కన అందరూ నడిచే తలుపు. రాత్రంతా ఎర్ర బల్బు వెలుగుతోంది. ఎరుపు పాములకు కనబడదని అమ్మేటప్పుడు చెబుతుంటారు గానీ, దాన్ని నమ్మి రాత్రి దీపం పెట్టకూడదు. పాముకు నిజమైన చీకటి కావాలి.

ఏం మార్చాం, ఎందుకు

ముందుగా పామును మూత గట్టిగా పట్టే, గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం. అడుగున సగభాగానికి థర్మోస్టాట్‌తో నడిచే చిన్న మ్యాట్, లోపల బిగుతైన హైడ్ (పాము దాక్కునే గూడు), నీళ్లు. అసలు ట్యాంకును పాము లేకుండా రెండు రోజులు పూర్తిగా నడిపి, అంకెలు కుదిరాకే తిరిగి లోపల పెట్టాలని అనుకున్నాం. కొత్తగా పాము తెచ్చుకునేవాళ్లు ఈ పని పాము రాకముందే చేసుకోవాలి. పాము చేతికొచ్చాక వేడిని సరిచేస్తూ కూర్చుంటే ఆ టెన్షన్ అంతా పాము పడుతుంది.

గాజు కింది మ్యాట్ తీసేశాం. మ్యాట్ చెడ్డదని కాదు. థర్మోస్టాట్‌తో, పలుచటి అడుగు పొరతో వాడితే పని చేస్తుంది. ఇక్కడ తేమ కోసం అడుగు పొర మందంగా వేయాలనుకున్నాం. మందమైన పొర కింద మ్యాట్ వేడి పైకి రాదు, కింద పేరుకుంటుంది. పాము తవ్వుకుంటూ దిగితే పొట్ట కాలుతుంది. పాములు వేడి నేల మీద నుంచి వెంటనే తప్పుకోవు. కాలుతున్నా అక్కడే పడుకుని, పొలుసులు ఊడి పుండు పడ్డాక వైద్యానికి వచ్చినవి నేను చూశాను. వేడి రాళ్లు అని అమ్మేవాటిని కూడా ఇందుకే వద్దంటాను.

దాని బదులు పగటికి హాలోజెన్ బల్బు, రాత్రికి వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటర్ పెట్టాం. రెండూ మెష్ పైన, పాముకు అందకుండా. సిరామిక్ హీటర్ విపరీతంగా వేడెక్కుతుంది, దానికి పోర్సిలిన్ హోల్డర్ తప్పనిసరి. మెష్ లేని ఎన్‌క్లోజర్ అయితే లోపలి హీటర్ చుట్టూ తీగ పంజరం ఉండాలి. లేకపోతే పాము వెళ్లి దానికి చుట్టుకుంటుంది.

థర్మోస్టాట్ లేని హీటర్‌ను నేను ఏ పాము దగ్గరా ఒప్పుకోను. డబ్బు ఎక్కడ తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించవద్దు. ఆన్ ఆఫ్ అయ్యే రకం మ్యాట్‌కు సరిపోతుంది, బల్బుకు పెడితే దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. బల్బుకు కాంతిని మెల్లగా తగ్గించే డిమ్మింగ్ రకం కావాలి. సిరామిక్‌కు కరెంటును చిన్న చిన్న దఫాలుగా పంపే పల్స్ రకం బాగా కుదురుతుంది. ప్రోబ్ ఎక్కడ పెడతామన్నది కూడా అంతే ముఖ్యం. వెచ్చటి చోట పాము వీపు ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ, జరగకుండా కేబుల్ టైతో బిగించాం. ప్రోబ్ ఊడి చల్లటి మూలలో పడితే థర్మోస్టాట్ ట్యాంకు చల్లబడిందనుకుని హీటర్‌ను పూర్తిగా నడిపిస్తుంది. టేపుతో మాత్రం అంటించకూడదు. ఎన్‌క్లోజర్ లోపల జిగురు టేపు ఎక్కడున్నా పాము దానికి అంటుకుంటుంది, విడదీస్తే పొలుసులు చిరుగుతాయి.

ఇక హైడ్‌లు. ఒకే కొలత, ఒకే ఆకారం ఉన్న రెండు హైడ్‌లు తెప్పించాను. ఒక్క ద్వారమే ఉండాలి. పాము చుట్ట చుట్టుకుంటే ఒళ్లు గోడలకు, పైకప్పుకు తగలాలి. ఒకటి వెచ్చటి వైపు, ఒకటి చల్లటి వైపు. రెండూ ఒకేలా ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా ఉంటే పాము మళ్లీ భద్రతను బట్టే ఎంచుకుంటుంది. రెండూ ఒకటే అయితే అది ఎక్కడ ఉందో చూసి దానికి ఎంత వేడి కావాలో మనం తెలుసుకోవచ్చు. మధ్యలో మూడో డబ్బా పెట్టి తడిపి పిండిన స్ఫాగ్నమ్ మాస్ (నీటిని పట్టి ఉంచే నాచు) నింపాం. కుబుసం విడిచే రోజుల్లో పాము అందులోకి వెళుతుంది.

వెచ్చటి హైడ్ లోపల నేల 32 డిగ్రీలు, చల్లటి హైడ్ లోపల 26. రాత్రి ఎక్కడా 24 కంటే తగ్గకూడదు. అంకెలన్నీ హైడ్ లోపలివే.

ఆస్పెన్ పొట్టు తీసేశాం. తేమ తక్కువ కావాల్సిన జాతులకు అది మంచిదే. తడిస్తే బూజు పడుతుంది కాబట్టి ఈ పాముకు పనికిరాదు. పొట్టు కొనేటప్పుడు దేవదారు, పైన్ చెక్కలవి ఎప్పుడూ వద్దు. వాటిలోని నూనెల ఘాటు పాము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఇక్కడ కొబ్బరి పీచు పొడి, కొబ్బరి డొప్ప ముక్కలు కలిపి ఎనిమిది సెంటీమీటర్ల మందంగా వేశాం. నీళ్లు పైన చిలకరించకుండా మూలల్లో పోస్తే అడుగు పొర తడిగా ఉండి పైపొర పొడిగా ఉంటుంది. తేమ మెల్లగా పైకి లేస్తుంది. మెష్‌లో మూడింట రెండు వంతులు అల్యూమినియం ఫాయిల్‌తో కప్పాం, బల్బు చుట్టూ మాత్రం ఖాళీ వదిలాం. నేల దగ్గర తేమ 70 శాతానికి వచ్చింది. ముల్లు మీటర్లు తీసేసి, రెండు వైపులా డిజిటల్ ప్రోబ్‌లు పెట్టాం.

వెనుక, పక్కల గాజుకు బయటి నుంచి నల్ల కాగితం అంటించాం. లోపల కార్క్ బెరడు, అడ్డంగా ఒక కొమ్మ, ప్లాస్టిక్ ఆకులు గుబురుగా సర్దాం. ఒక హైడ్ నుంచి ఇంకో హైడ్‌కు పాము మరుగు వదలకుండా వెళ్లగలగాలి. ట్యాంకును టీవీ ఎదుటి నుంచి పడకగది మూలకు మార్చాం.

అమ్మాయికి ఇంకో సందేహం ఉంది. ట్యాంకు పెద్దదైపోయిందేమో, చిన్న డబ్బాలో పెడితే తింటుందేమో అని. పిల్ల పాము పెద్ద చోట భయపడుతుందని చాలామంది అంటారు. నా అనుభవంలో దాన్ని భయపెట్టేది ఖాళీగా ఉన్న చోటు. మరుగులు నిండుగా ఉంటే పెద్ద ఎన్‌క్లోజర్‌లోనూ పిల్ల పాములు బాగానే తింటాయి. కాబట్టి ట్యాంకు మార్చలేదు. ఎదిగాక మగది సుమారు మీటరు, ఆడది మీటరున్నర దాకా పెరుగుతుంది. పాము ఒళ్లంతా చాపుకునేంత పొడవు ఎన్‌క్లోజర్‌కు ఉండాలి. ఎదిగిన పాముకు 120, 60, 60 సెంటీమీటర్ల కంటే తక్కువ నేను సూచించను.

మూతకు రెండు వైపులా క్లిప్పులు వేయించాను. బరువుగా ఉంది కదా అని మూతను ఊరికే వదిలేస్తే ఏదో ఒక రాత్రి పాము బయట ఉంటుంది. తల పట్టే సందు చాలు, ఒళ్లంతా వెళ్లిపోతుంది.

తర్వాత జరిగింది

మొదటి వారం పామును ముట్టుకోవద్దు, మేత చూపించవద్దు, నీళ్లు మార్చి అంకెలు రాసుకుంటే చాలు అన్నాను. అమ్మాయికి అన్నిటికంటే కష్టమైన పని ఇదే. అప్పటిదాకా రోజు విడిచి రోజు మేత పెట్టి చూస్తోంది, రోజూ చేతిలోకి తీసుకుంటోంది. ఒకసారి బతికున్న ఎలుకను కూడా వదిలి చూశారు. బతికున్న ఎలుక పామును కొరికి తీవ్రంగా గాయపరచగలదు. దాన్ని ట్యాంకులో వదిలి పక్కకు వెళ్లడం ప్రమాదం. అది పూర్తిగా మానేయమన్నాను.

ఆ వారం నోట్‌బుక్‌లో రాతలు మారాయి. పొద్దున వెచ్చటి హైడ్‌లో, సాయంత్రం చల్లటి హైడ్‌లో, రాత్రి కొమ్మ మీద. బద్ధకమనుకున్న పాము రాత్రిపూట ట్యాంకంతా తిరుగుతోంది. మేత ముట్టకముందే నాకు ధైర్యం వచ్చింది ఈ రాతలు చూసే.

రెండో వారంలో మేత పెట్టించాను. పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటికి మించని ఎలుక. ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో కరగనిచ్చి, పెట్టే ముందు సంచిలో ఉంచి వేడినీళ్లలో వెచ్చచేయాలి. మైక్రోవేవ్ వాడకూడదు, లోపల ఉడికి పొట్ట పగులుతుంది. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. మేత ఒళ్లు చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉంటే అది ఎర అని సులువుగా గుర్తిస్తుంది. దీపాలు ఆరాక, పొడవాటి పటకారుతో హైడ్ ద్వారం దగ్గర పెట్టమన్నాను. మొదటిసారి నాలుక చాపి చూసి వెనక్కి తగ్గింది. వారం ఆగి మళ్లీ పెట్టారు. ఈసారి పట్టి, చుట్టేసి, మింగింది. తర్వాత రెండు రోజులు పామును ముట్టుకోకూడదన్న నియమాన్ని అమ్మాయి తూచా తప్పకుండా పాటించింది.

కంటి పొరను నేను తీయలేదు. పటకారుతో లాగితే కింద ఉన్న అసలు పొలుసు కూడా ఊడి కన్ను పోవచ్చు. తోక చివర మాత్రం ఆగలేదు. అక్కడ బిగుసుకున్న కుబుసం రక్తప్రసరణను ఆపేస్తే తోక కొస ఎండిపోతుంది. గోరువెచ్చటి తడి తువ్వాలులో చుట్టి కాసేపు ఉంచి, మెత్తబడ్డాక వేళ్లతో మెల్లగా జార్చాను. తర్వాతి కుబుసం తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా వచ్చింది. ఎడమ కంటి పాత పొర కూడా దానితోనే ఊడింది.

మధ్యలో ఒక ఇబ్బంది వచ్చింది. తేమ కాస్త తగ్గినట్టు కనిపించిన ప్రతిసారీ అమ్మాయి నీళ్లు పోసేసింది. చల్లటి వైపు పైపొర కూడా తడిసి ముద్దయింది. పాము పొట్ట పొలుసుల్లో కొన్ని ఎర్రబడ్డాయని ఫోటో పంపింది. తడి నేల మీద పడుకుంటే పొలుసులు కుళ్లే జబ్బుకు అదే మొదలు. తడిసిన భాగం తీసేసి పొడిది వేయించి, పొట్టను పలుచని పొవిడోన్ అయోడిన్ (క్రిములను చంపే మందు)తో తుడవమన్నాను. పుండు పడకముందే గమనించింది కాబట్టి తర్వాతి కుబుసంతో ఆ ఎరుపు పోయింది. గాలిలో తేమ, నేల మీద తడి వేరువేరు. మీటరు 60కి దిగేదాకా నీళ్లు ముట్టుకోవద్దని అప్పుడు చెప్పాను.

మూడు నెలల తర్వాత బరువు 318 గ్రాములు. పది రోజులకోసారి తింటోంది.

ఇదే ట్యాంకు ఇళ్లలో పెంచే మరో జాతి పాము కార్న్ స్నేక్ కోసమైతే అంకెలు మారతాయి. వెచ్చటి చోట 30 దాకా, చల్లటి చోట 23, 24 చాలు. తేమ 40 నుంచి 60 మధ్య ఉంటే సరిపోతుంది, అక్కడ ఆస్పెన్ పొట్టే మంచి ఎంపిక. తప్పించుకోవడంలో మాత్రం అది బాల్ పైథాన్‌ను మించిపోతుంది, మూత విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వేడి వైపు, చల్ల వైపు ఒకేలాంటి హైడ్‌లు ఉండాలన్నది రెండు జాతులకూ ఒకటే.

నాన్నగారు చివరిసారి వచ్చినప్పుడు ఇంట్లో చిన్నపిల్లలు వస్తుంటారని, భయం ఉందా అని అడిగారు. ఈ పాముకు విషం లేదు. ఆలోచించాల్సింది సాల్మొనెల్లా గురించి. పాములు ఆరోగ్యంగా కనిపిస్తూనే ఆ బ్యాక్టీరియాను మోస్తాయి. పామును, నీళ్ల గిన్నెను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గిన్నెను వంటింటి సింకులో కడగకూడదు. అయిదేళ్ల లోపు పిల్లల చేతికి పామును ఇవ్వకూడదు.

పాము మీటరు పొడవుకు దగ్గరపడే లోపు 120 సెంటీమీటర్ల పీవీసీ ఎన్‌క్లోజర్‌కు మారాలని అనుకున్నాం. గాజు, మెష్ కంటే పీవీసీ వేడిని, తేమను బాగా పట్టి ఉంచుతుంది. కొత్తది వచ్చాక ఇప్పుడున్న హైడ్‌లు, బెరడు కడగకుండానే అందులోకి మార్చమన్నాను, తన వాసన ఉంటే పాము త్వరగా కుదురుకుంటుంది. అప్పటిదాకా నెలకోసారి థర్మోస్టాట్ అంకెను విడి థర్మామీటరుతో సరిచూడాలి, పదిహేను రోజులకోసారి బరువు రాయాలి. వరసగా రెండు తూకాల్లో తగ్గితే ఫోన్ చేయమన్నాను.